బీమా మధ్యవర్తి ఎవరి మనిషి?

గత రంజాన్ ముగిసిన కొద్ది రోజులకు గుంటూరు జిల్లాలోని ఒక చిన్న పట్టణం నుంచి ఒక నూర్‌బాషా సోదరుడు మా కార్యాలయానికి వచ్చారు. వారిది తాతల కాలం నుంచి పరుపులు కుట్టే కుటుంబం. దూది ఏకే విల్లు పోయి యంత్రం వచ్చింది గానీ వృత్తి మారలేదు. బ్యాంకులో అప్పు తీసుకొని బజారులో దుకాణం పెట్టుకున్నారు. అప్పుతోపాటే బ్యాంకువారు సరుకుకు బీమా చేయించి, ఏటా ప్రీమియం సొమ్మును ఆయన ఖాతా నుంచి మినహాయించుకునేవారు. పాలసీ కాగితం ఎలా ఉంటుందో ఆయన ఎన్నడూ చూడలేదు. మూడేళ్ల క్రితం యజమాని అద్దె పెంచడంతో దుకాణాన్ని రెండు వీధుల అవతలికి మార్చారు. ఆ సంగతి బ్యాంకు మేనేజరుకు నోటిమాటగా చెప్పారు. ఆయన తల ఊపారు. ఒక రాత్రి కరెంటు తీగల నుంచి నిప్పు రాలింది. అసలే దూది. తెల్లవారేసరికి మిగిలింది బూడిద. బీమా కంపెనీ పంపిన సర్వేయరు వచ్చి ఫొటోలు తీసుకొని వెళ్లాడు. నెలన్నర తరువాత ఉత్తరం వచ్చింది: పాలసీలో నమోదైన చిరునామా వేరు, నష్టం జరిగిన చోటు వేరు, కనుక పరిహారం చెల్లించలేము.

ఆయన మా ముందు ఆ ఉత్తరం పెట్టి ఒకే ప్రశ్న అడిగారు. "ఆరేళ్లు డబ్బు కట్టాను సాబ్. ఈ వ్యవహారం మొత్తంలో నా తరఫు మనిషి ఎవరు?"

ఎవరూ లేరన్నదే సమాధానం. అప్పు ఇచ్చిన బ్యాంకు తన అప్పు భద్రత చూసుకుంది. అదే బ్యాంకు బీమా కంపెనీకి కార్పొరేట్ ఏజెంటు కూడా. అంటే పాలసీ అమ్మినందుకు కంపెనీ నుంచి కమిషన్ పుచ్చుకునే ప్రతినిధి. సర్వేయరును నియమించింది కంపెనీ. ఇంతమంది నడుమ, కాగితంలోని చిరునామా మార్చాలి సుమా అని ఆయనకు చెప్పవలసిన బాధ్యత తనదని భావించినవాడు ఒక్కడూ లేడు. ఈ ఖాళీని నింపడానికే చట్టం ఒక మనిషిని ఏర్పాటు చేసింది. ఆయన పేరు ఇన్సూరెన్స్ బ్రోకర్. మన బస్తీల్లో, మన బజారుల్లో ఆ మనిషి జాడ దాదాపు లేదు.

తెలుగులో బ్రోకర్ అన్న మాట దాదాపు తిట్టు. స్థలాల బ్రోకర్, పెళ్లిళ్ల బ్రోకర్, వీసాల బ్రోకర్ అనగానే ఇరుపక్షాల దగ్గరా డబ్బు గుంజి మాయమయ్యే మనిషి కళ్లముందు నిలుస్తాడు. ఉర్దూలోని దలాల్ అన్న మాటకూ ఇదే గతి పట్టింది. అందువల్ల బీమా అవసరమైనప్పుడు మనవాళ్లు బ్రోకర్ అన్న పేరు వినగానే దూరం జరిగి, బంధువుల్లోనో జమాఅత్‌లోనో ఎవరైనా ఏజెంటు ఉన్నాడేమో చూస్తారు. ఇక్కడే పొరపాటు జరుగుతోంది. బీమా రంగంలో ఈ రెండు పేర్ల అర్థాలు తారుమారుగా ఉన్నాయి. ఏజెంటు ఎంత మంచివాడైనా, మన మేనమామ కొడుకే అయినా, చట్టం దృష్టిలో అతడు కంపెనీ మనిషి. తాను ఒప్పందం కుదుర్చుకున్న కంపెనీ పాలసీనే అమ్మగలడు. బ్రోకర్ అలా కాదు. 2018 నాటి ఇన్సూరెన్స్ బ్రోకర్ల నిబంధనల ప్రకారం అతడు ఖాతాదారు ప్రతినిధి. పలు కంపెనీల పాలసీలను పోల్చి చూపాలి, ఖాతాదారు నుంచి రాతపూర్వకమైన అధికారం పొంది అతని పక్షాన కంపెనీతో మాట్లాడాలి, నష్టం జరిగినప్పుడు పరిహారం కోసం తోడు నిలవాలి. తన సలహాలో లోపం వల్ల ఖాతాదారు నష్టపోతే బాధ్యత వహించేందుకు వీలుగా తాను కూడా వృత్తిపరమైన బీమా చేయించుకొని ఉండాలి.

మధ్యవర్తి వృత్తి మన ధార్మిక సంప్రదాయానికి కొత్త కాదు. మదీనా బజారులో సరుకు కొనుగోళ్లు కుదిర్చే వారిని జనం సమాసిరా, అంటే దళారులు, అని పిలిచేవారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) వారి వద్దకు వచ్చి, అంతకంటే గౌరవప్రదమైన పేరుతో, వర్తకులారా అని సంబోధించారనీ, క్రయవిక్రయాల్లో వ్యర్థపు మాటలూ ఒట్లూ దొర్లుతుంటాయి కనుక దానధర్మాలతో వాటిని శుద్ధి చేసుకోమని బోధించారనీ హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. ఆ మాటల్లో వృత్తి పట్ల గౌరవమూ ఉంది, అందులోని ప్రమాదం పట్ల హెచ్చరికా ఉంది. ఒకరి పని మరొకరు అమానత్‌గా భావించి నిర్వహించే వకాలత్‌కు ఫిఖ్‌లో వివరమైన నియమాలే ఉన్నాయి.

బీమాయే ధర్మసమ్మతం కానప్పుడు బ్రోకర్ ప్రసక్తి ఎందుకని కొందరు పాఠకులు అడుగుతారని మాకు తెలుసు. ఈ ప్రశ్నను మేము తేలికగా తీసుకోవడం లేదు. 1985 డిసెంబరులో జెద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ, స్థిరమైన ప్రీమియంతో నడిచే వాణిజ్య బీమా ఒప్పందం నిషిద్ధమనీ, పరస్పర సహకారంపై ఆధారపడిన బీమా దానికి ప్రత్యామ్నాయమనీ తీర్మానించింది. మలేషియా అప్పటికే, 1984లో, తకాఫుల్ చట్టం చేసుకుంది. మన దేశంలో అటువంటి ఏర్పాటు నేటికీ లేదు. మతకల్లోలాల్లో బజారులు తగలబడటం కళ్లారా చూసిన భారతీయ ఉలమాలో కొందరు జరూరత్ దృష్ట్యా ఆస్తి బీమాకు వెసులుబాటు ఇచ్చారు, మరికొందరు ఇవ్వలేదు. ఫత్వా ఇవ్వడం ఈ పత్రిక పని కాదు. ఎవరి ఉలమాను వారు అడిగి తెలుసుకోవాలి. అయితే ఒక వాస్తవం ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా ఆటో గానీ లారీ గానీ రోడ్డెక్కరాదు. బ్యాంకు అప్పు తీసుకున్న దుకాణదారు బీమా చేయించక తప్పదు. అంటే ఇష్టపడి కొనని వారు కూడా మనలో లక్షల సంఖ్యలో కొంటూనే ఉన్నారు. కొన్న దానిలో ఏముందో చదివిపెట్టే మనిషి లేకుండా కొంటున్నారు. మా అభ్యంతరం ఆ చివరి మాట గురించే.

పైగా మనకు ఈ విషయంలో మిగతావారికి లేని చిక్కులు కొన్ని ఉన్నాయి. కొన్ని బ్యాంకులు ముస్లింలు అధికంగా నివసించే ప్రాంతాలను ప్రతికూల మండలాలుగా గుర్తించి అప్పులివ్వడానికి వెనుకాడుతున్నాయని 2006లో సచార్ కమిటీ నివేదిక చెప్పింది. అటువంటి చోట బీమా అమ్మేవాడు కూడా మనస్ఫూర్తిగా అడుగుపెడతాడని ఆశించలేము. ఇక అల్లర్ల మాట. 2020 ఫిబ్రవరిలో ఈశాన్య ఢిల్లీని తలచుకోనక్కరలేదు. 2020 జనవరిలో భైంసా, 2024 సెప్టెంబరులో జైనూరు మన తెలంగాణలోనివే. అక్కడ దుకాణాలూ వాహనాలూ కాలిపోయిన వారిని తలచుకొని ప్రతి పాఠకుడూ తన బండి కాగితాలు ఒకసారి తీసి చూసుకోవాలి. ద్విచక్రవాహనాలకు మనలో చాలామంది థర్డ్ పార్టీ బీమా ఒక్కటే చేయిస్తారు. అల్లరిమూక ఆ బండిని తగలబెడితే ఆ పాలసీ కింద ఒక్క రూపాయి రాదు. సొంత వాహన నష్టానికి కూడా వర్తించే సమగ్ర పాలసీ ఉంటేనే అల్లర్లు, సమ్మెలు, దురుద్దేశపూర్వక చర్యల వల్ల కలిగే నష్టానికి పరిహారం దొరుకుతుంది. దుకాణాల విషయానికి వస్తే, 2021 ఏప్రిల్ 1 నుంచి 5 కోట్ల రూపాయల లోపు ఆస్తి ఉన్న చిన్న సంస్థల కోసం భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అన్న పాలసీ అమలులో ఉంది. అగ్నిప్రమాదం, వరద, భూకంపంతోపాటు అల్లర్లు కూడా అందులో చేరి ఉన్నాయి. ఇంటికి భారత్ గృహ రక్ష అన్న పాలసీ ఉంది. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్ పాతబస్తీలో మునిగిన ఇళ్లలో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో మునిగిన ఇళ్లలో ఎన్నింటికి ఇటువంటి పాలసీ ఉన్నదో పాఠకులే ఊహించగలరు.

మంచి బ్రోకర్‌ను ఎలా గుర్తించాలి? మొదటి మెట్టు బంధుత్వం కాదు, లైసెన్సు. బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్‌లోనే ఉంది. లైసెన్సు పొందిన బ్రోకర్ల జాబితాను ఆ సంస్థ బహిరంగంగా ఉంచుతుంది. వచ్చిన వ్యక్తి చెప్పిన సంస్థ పేరు ఆ జాబితాలో ఉన్నదా, లైసెన్సు ప్రస్తుతం అమలులో ఉన్నదా, అది జీవిత బీమాకా, సాధారణ బీమాకా, రెండింటికా అన్నది సరిచూసుకోవాలి. బ్రోకర్ అంటే సాధారణంగా సంస్థే గానీ వీధిలో సంచి పట్టుకు తిరిగే మనిషి కాదు. ఆ మనిషి సదరు సంస్థ తరఫున పనిచేయడానికి అర్హత పొందినవాడేనా అని రుజువు అడగడంలో మొహమాటం అక్కరలేదు. సాబ్‌కు కోపం వస్తుందేమో అనుకుంటే దుకాణం కాలినప్పుడు ఏడవవలసింది మనమే.

ఆ తరువాత ఆయన్ను నాలుగు ప్రశ్నలు అడిగి చూడండి. నాలాంటి వ్యాపారం చేసేవారు మీ ఖాతాదారుల్లో ఎందరున్నారు? ఎన్ని కంపెనీల ధరలు తెప్పిస్తారు? గత ఏడాది మీరు దగ్గరుండి ఇప్పించిన పరిహారాల్లో ఒకటి వివరిస్తారా? ఈ పాలసీ మీద మీకెంత కమిషన్ వస్తుంది? చివరి ప్రశ్న మర్యాద తప్పినది కాదు. ఖాతాదారు అడిగితే కమిషన్ ఎంతో చెప్పడం బ్రోకర్ల ప్రవర్తనా నియమావళిలో ఒక భాగం. బ్రోకర్‌కు కూడా ప్రతిఫలం వచ్చేది కంపెనీ నుంచే గనుక, ఎక్కువ కమిషన్ ఇచ్చే పాలసీ వైపు అతని మనసు మొగ్గవచ్చునన్న ఎరుక మనకు ఉండాలి. ఆ మొగ్గుకు విరుగుడు మూడు కంపెనీల కొటేషన్లు పక్కపక్కన పెట్టించుకోవడమే. నా కమిషన్‌లో సగం నీకే ఇస్తానని ఎవరైనా ఆశ చూపితే అక్కడితో లేచి రండి. 1938 నాటి బీమా చట్టం 41వ సెక్షన్ ప్రకారం అది నేరం. చట్టాన్ని మీ ఎదుటే ఉల్లంఘించినవాడు మీ అమానత్‌ను కాపాడడు. ప్రీమియం సొమ్ము ఎన్నడూ మధ్యవర్తి చేతికి నగదుగా ఇవ్వవద్దు. కంపెనీ పేరిటే చెల్లించి రసీదు తీసుకోండి.

బ్రోకర్ దొరికాక అసలు పని మనది. వైద్యుని దగ్గర రోగం దాచినట్లు బ్రోకర్ దగ్గర నిజం దాచేవారు మనలో ఎక్కువ. ఆరోగ్య బీమా దరఖాస్తులో షుగరు, బీపీ లేవని రాయిస్తారు. ప్రీమియం కొద్దిగా తగ్గుతుంది. ఆసుపత్రి బిల్లు వచ్చిన రోజున ఆ అబద్ధమే కంపెనీ చేతిలో ఆయుధమవుతుంది. నిజం చెబితే, ముందునుంచి ఉన్న రోగాలకు గరిష్ఠంగా మూడేళ్ల నిరీక్షణ కాలం తరువాత చికిత్స ఖర్చు అందుతుంది. పరుపుల దుకాణంలో దూది, చెప్పుల దుకాణంలో రసాయన జిగురు, వెల్డింగు షెడ్డులో గ్యాసు సిలిండరు నిల్వ ఉన్నాయని చెప్పకుండా కిరాణా దుకాణం ధరకు పాలసీ తీసుకుంటే దానికి విలువ ఉండదు. దరఖాస్తు ఇంగ్లీషులో ఉంటే, దానిని మన భాషలో చదివి వినిపించామని నింపినవాడు సంతకం చేయవలసిన చోటు ఒకటి అందులోనే ఉంటుంది. చదివి వినిపించిన తరువాతే ఆ సంతకం పెట్టనివ్వండి.

పేర్ల సంగతి మనకు ప్రత్యేకమైన బాధ. ఆధార్‌లో షేక్, పాన్‌లో ఎస్‌కే, బ్యాంకులో ఇంటిపేరు చివర. మహమ్మద్ ఒకచోట, మొహమ్మద్ ఒకచోట, ఎండీ ఇంకొకచోట. ఇల్లాలి పేరు పక్కన ఒక కాగితంలో బీ, మరొక దానిలో బేగం. బ్రతికి ఉండగా ఇవి నవ్వుకునే విషయాలు. నామినీ అయిన వితంతువు మరణ ధ్రువపత్రం పట్టుకొని కంపెనీ కార్యాలయం మెట్లెక్కినప్పుడు ఇవే గోడలవుతాయి. పాలసీ రాయించే రోజునే కాగితాలన్నీ బల్లపై పరచి పేర్లు ఒక్కటి చేయించేవాడే పనికొచ్చే బ్రోకర్.

బీమా మొత్తం ఎంత ఉండాలన్నది మరొక చిక్కు. ప్రీమియం ఆదా అవుతుందని 12 లక్షల రూపాయల సరుకుకు 6 లక్షలకే బీమా చేయించారనుకోండి. 4 లక్షల సరుకు కాలిపోతే, 6 లక్షల లోపే కదా అని మొత్తం వస్తుందనుకోవద్దు. సగం విలువకే బీమా చేశారు గనుక నష్టంలోనూ సగమే, అంటే 2 లక్షలే, కంపెనీ లెక్క కడుతుంది. సూక్ష్మ ఉద్యమ్ పాలసీలో 15 శాతం వరకు తక్కువ చూపినా మన్నింపు ఉంది గానీ సగానికి సగం తగ్గిస్తే లేదు. రంజాన్ ముందు బట్టల దుకాణంలో సరుకు మామూలు రోజులకంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ నెలల కోసం మొత్తం పెంచమని గుర్తుచేయవలసింది బ్రోకరే. చిరునామా మారినా, కొత్త గోదాము తీసుకున్నా, సరుకు స్వభావం మారినా అదే రోజు అతనికి రాతలో తెలియజేసి, కంపెనీ సవరణ పత్రం చేతికి వచ్చేదాకా వెంటపడాలి. నోటిమాటకు బీమాలో విలువ లేదని మన నూర్‌బాషా సోదరుని అనుభవమే చెబుతోంది.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పక తప్పదు. అల్లర్లలో మూక తగలబెడితే పరిహారమిచ్చే పాలసీయే, ప్రభుత్వ ఆదేశంతో కూల్చివేత జరిగితే ఇవ్వదు. ఆ మినహాయింపు పాలసీలో స్పష్టంగా రాసి ఉంటుంది. బుల్డోజరుకు ఏ బ్రోకరూ బీమా తేలేడు. ఆ పోరాటం న్యాయస్థానంలో చేయవలసిందే. బహిరంగ స్థలాల ఆక్రమణల వంటివి మినహా, 15 రోజుల ముందస్తు నోటీసు లేనిదే కూల్చరాదని 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇది వేరే సంపాదకీయానికి తగిన విషయం.

నష్టం జరిగిన రోజున కన్నీళ్లతోపాటు కొంత నిబ్బరం కావాలి. మొదటి ఫోను బ్రోకర్‌కు, రెండవది కంపెనీకి. అగ్నిమాపక కేంద్రం నివేదిక, అల్లరి అయితే పోలీసుల ఎఫ్ఐఆర్ సంపాదించాలి. సర్వేయరు చూసేదాకా బూడిదను ఎత్తిపోయరాదు. చుట్టుపక్కలవారు సాయపడాలనే మంచి మనసుతోనే తెల్లవారేసరికి దుకాణం కడిగేస్తారు. దానితోపాటు సాక్ష్యం కూడా కడిగేస్తున్నామని వారికి తెలియదు. కొనుగోలు బిల్లుల నకళ్లు దుకాణంలోనే ఉంటే అవీ కాలిపోతాయి గనుక, నెలకొకసారి ఫోనులో ఫొటో తీసి ఇంట్లో ఎవరికైనా పంపి ఉంచాలి. సర్వేయరు వచ్చేటప్పుడు బ్రోకర్ పక్కన ఉండాలని పట్టుబట్టండి. ఆ రోజు రాని బ్రోకర్ మరే రోజు వచ్చినా లాభం లేదు.

కంపెనీ నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా అడగాలి. కంపెనీకి ఫిర్యాదు చేసి 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా, ఏడాది లోపు బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఉభయ తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. రుసుము లేదు, వకీలు అక్కరలేదు, 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉంది. వ్యక్తులే కాక సొంత యాజమాన్యంలోని చిన్న వ్యాపారులు కూడా అక్కడికి వెళ్లవచ్చు. బ్రోకర్ సేవలో లోపంపైన కూడా 2021 సవరణ తరువాత అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. నియంత్రణ సంస్థ ఫిర్యాదుల ఫోను నంబరు 155255.

ఇంత చెప్పాక ఒక న్యాయమైన ఆక్షేపణ మిగులుతుంది. ఏడాదికి రెండు మూడు వేల రూపాయల ప్రీమియం కట్టే చిన్న దుకాణదారు కోసం లైసెన్సు ఉన్న బ్రోకర్ సంస్థ బస్తీకి ఎందుకు వస్తుంది? విడివిడిగా పిలిస్తే రాదు. ఒకే బజారులోని 80 దుకాణాలవారు కలిసి పిలిస్తే వస్తుంది. వ్యాపారుల సంఘం, ఆటో యూనియన్, మస్జిద్ కమిటీ ఎవరైనా ఈ పిలుపు ఇవ్వగలరు. రెండు మూడు బ్రోకర్ సంస్థలను ఒకే రోజు ఆహ్వానించి అందరి ముందు మాట్లాడించాలి. పాలసీ ఎవరికి వారే తీసుకోవచ్చు, బేరం మాత్రం కలిసి చేయాలి. కమిటీ పెద్దలు ఇందులో కమిషన్ ఆశించరాదని వేరే చెప్పాలా? చెప్పాలనే మా అనుభవం. మన డిగ్రీ చదివిన యువతీయువకులు శిక్షణ పొంది, పరీక్ష నెగ్గి బ్రోకర్ సంస్థల్లో చేరితే ఉర్దూ, తెలుగు మాట్లాడే ప్రతినిధులు బస్తీకి దొరుకుతారు. ఇక ప్రభుత్వానికీ నియంత్రణ సంస్థకూ మేము కోరేది రెండే. పాలసీ సారాంశం తెలుగులో, ఉర్దూలో తప్పనిసరిగా ఇప్పించాలి. ఏదైనా ప్రాంతంలోని దుకాణానికి బీమా నిరాకరిస్తే కారణం రాతలో ఇవ్వాలని ఆదేశించాలి. కారణం రాయవలసి వచ్చినప్పుడు ప్రతికూల మండలాల వంటి లెక్కలు వెలుగులోకి వస్తాయి.

నూర్‌బాషా సోదరుని దరఖాస్తు అంబుడ్స్‌మన్ కార్యాలయానికి చేరింది. కాగితాలు వెదికితే ఒకటి దొరికింది. దుకాణం మారిన మరుసటి ఏడాది బ్యాంకు సిబ్బంది వచ్చి సరుకు తనిఖీ చేసి రాసుకున్న నివేదిక అది. దానిపై కొత్త చిరునామా, బ్యాంకు ముద్ర ఉన్నాయి. బ్యాంకు కంపెనీకి ఏజెంటు అయినప్పుడు, ఏజెంటుకు తెలిసినది కంపెనీకి తెలిసినట్లే గదా అన్నది ఆయన వాదన. విచారణ తేదీ ఇంకా రాలేదు. ఆయన ప్రస్తుతం చెల్లెలి ఇంటి వరండాలో పరుపులు కుడుతున్నారు. ఈసారి ముగ్గురి దగ్గర కొటేషన్లు తెప్పించుకున్నారు. వాటిలో చిరునామా గడిని ఆయన స్వయంగా నింపారు.